కోదండం కోసిన అంచులు

మా మరిది కోదండానికి జర్మనీ దేశంలో ఒక ఊరు తెలుసు. కలకత్తా వచ్చి నలభై ఏడేళ్ళయినా టాలీగంజ్ ఎటుందని అడిగితే తల గోక్కుంటాడు గానీ, ఆ ఊళ్ళో వంతెన దాటాక కోర్టుకు ఎటు తిరగాలో, కోర్టు ఎదురుగా ఉన్న రొట్టెల కొట్టు ఎన్నిసార్లు కాలిపోయిందో అడిగితే ఠక్కున చెబుతాడు. ఎవరూ అడగరు. అందుకని పాతికేళ్ళుగా నాకు చెబుతున్నాడు.

ఊరి పేరు లిండెన్‌ఫుర్ట్. ఆ పేరు నా నాలుక మీద కూర్చోడానికి ఆరు నెలలు పట్టింది. వాడికి మొదటి రోజే వచ్చేసింది.

కోదండం మా ఆయనకు తమ్ముడు. మా అత్తగారు పోయాక పలాస నుంచి మా దగ్గరికి, హౌరా రైలు పట్టాల పక్కనుండే టికియాపారా బస్తీకి వచ్చాడు. అప్పటికి పంతొమ్మిదేళ్ళు. మా ఆయనది రైలు పెట్టెలు కడిగే పని. నాది కార్పొరేషన్‌లో చీపురు పని. పొద్దున్నే హౌరాలో లాంచీ ఎక్కి గంగ దాటి, హైకోర్టు వెనక ప్లీడర్ల ఆఫీసులుండే సందులు ఊడ్చేదాన్ని. "తమ్ముణ్ణి కూడా నీ పనిలోనే ఎట్టించు, సర్దారు నీ మాటింటాడు," అన్నాడు మా ఆయన. విన్నాను. పెట్టించలేదు. తక్కువ పని అని కాదు. నేను ఊడ్చిన సందులో అన్నం పోసుకుని తినొచ్చు, ఆ మాట ప్లీడర్లే అనేవారు. కానీ ఎంత బాగా ఊడ్చినా మర్నాటికి ఆ పని కనిపించదు. మా ఇంట్లో ఒక్కడైనా చేసిన పని మిగిలే చోట ఉండాలనిపించింది.

ఆ సందులో ఒక దఫ్తరీ దుకాణం ఉండేది. దఫ్తరీ అంటే పుస్తకాలు కుట్టి అట్టలు వేసేవాడు. ప్లీడర్ల లావుపాటి లా పుస్తకాలన్నీ అక్కడికే వచ్చేవి. నేను ఆ గుమ్మం ముందు రోజూ రెండుసార్లు ఊడ్చాను. నెల తిరిగేసరికి దుకాణం యజమాని, ముసలి మాలిక్ తనే అడిగాడు, "ఏం కావాలి బేటీ?" అని. మా మరిదికి పని కావాలన్నాను. అంతే.

కోదండానికి ఏ భాషలోనూ చదువు రాదు. మా ఇంట్లో చదువుకున్నదాన్ని నేనే, మూడో తరగతి. కానీ పుస్తకం చేతిలో పెడితే వేళ్ళతో తడిమి దానికేం జబ్బో చెప్పేవాడు. మైదా ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపి జిగురు చేసేవాడు. కుట్టాక ఒక రోజు బరువు కింద పెట్టి, చివర్న మూడు వైపులా అంచులు కోసేవాడు. అంచు కొయ్యని పుస్తకాన్ని గుమ్మం దాటించడం దఫ్తరీకి తలవంపులు. తల దువ్వకుండా పెళ్ళికూతుర్ని పీటల మీద కూర్చోబెట్టినట్టే అనేవాడు మాలిక్. ఆ మాట వీడి ఒంట్లో ఇంకిపోయింది. పెళ్ళికూతురంటే గుర్తొచ్చింది, వీడికి పెళ్ళి కూడా నేనే చేశాను. మూడేళ్ళకు ఆ పిల్ల కామెర్లతో పోయింది. మళ్ళీ ఆ మాటెత్తితే, "నాకు మనసు నేదొదినా," అన్నాడు. వదిలేశాను. నేను వదిలేసిన మాటలు చాలా తక్కువ.

పాతికేళ్ళ కిందట, ఒక చలికాలం, దుకాణానికి ఒక మేమ్‌సాబు వచ్చింది. పేరు హెడ్విగ్. భవానీపూర్‌లో మేడ మీద వాటాలో ఉండి పిల్లలకు జర్మన్ పాఠాలు చెప్పేది. పద్దెనిమిదేళ్ళుగా ఇక్కడే ఉందట. బెంగాలీ నాకంటే బాగా మాట్లాడేదట, చేపలు నాకంటే బాగా బేరమాడేదట. రెండోది కోదండం మాట, నేను నమ్మలేదు.

ఆవిడ తెచ్చిన పుస్తకం వాళ్ళ ఊరి చరిత్ర. ఊరిదీ, ఊళ్ళో ఉన్న కోర్టుదీ. చుట్టుపక్కల ప్రాంతమంతటికీ అదే పెద్ద కోర్టు. ఆవిడ తండ్రి అందులో గుమాస్తా. పుస్తకం అచ్చుదే గానీ, ఆయన పేజీల పక్క ఖాళీల్లో పెన్సిలుతో ఏవేవో రాసుకున్నాడు. కుట్లు ఊడి ఆకులు జారిపోతున్నాయి. బాగు చేయించి, ఈసారి ఊరెళ్ళినప్పుడు ఆ కోర్టుకే ఇచ్చెయ్యాలని ఆవిడ ఆలోచన. "అంచులు మాత్రం కొయ్యొద్దు, దాదా," అని మొదటి రోజే చెప్పింది. కోదండం విన్నాడు. బాగానే విన్నాడు.

పన్నెండు రోజుల పాటు మధ్యాహ్నం మధ్యాహ్నం వచ్చి, కాగితాల కట్ట మీద కూర్చుని, వాడు ఏ పేజీ కుడుతుంటే ఆ పేజీలో సంగతి చెప్పేది. సాయంత్రం నేను చేపలు కడుగుతుంటే వాడు అది నాకు అప్పజెప్పేవాడు.

"వొదినా, ఆ ఊరికి మొదట్ల కోర్టు యేట్లో ఉండీదట."

"యేట్లోనా?"

"యేరు లోతు నేదట. అటొడ్డు ఒక దొర జనం, ఇటొడ్డు ఇంకో దొర జనం. ఈలు అటెల్లరు, ఆలు ఇటు రారు. అందుకని జడ్జీగోరు యేటి మద్దిన రాయి మీద కూకుని, కాల్లు నీల్లల ఎట్టుకుని తీర్పు సెప్పీవోడట."

"మన గంగల కూకోమను. తీర్పు సెప్పీలోగా డైమండ్ హార్బర్ కాడ తేల్తాడు."

తరవాత ఒడ్డు మీద చెక్క కోర్టు కట్టారట, కాలిపోయింది. మళ్ళీ కట్టారు, యుద్ధంలో కాలిపోయింది. మూడోసారి ఎర్ర రాయితో కట్టారు. ఒకప్పుడు పై సర్కారు ఆ కోర్టును పెద్ద పట్నానికి తీసుకుపోతామంటే, ఊళ్ళో రొట్టెల కొట్టువాళ్ళు, పూటకూళ్ళవాళ్ళు వెళ్ళి కోర్టు మెట్ల మీద కూర్చున్నారట. వ్యాజ్యాలకొచ్చే జనం లేకపోతే రొట్టెలు ఎవరు కొంటారు? వారం రోజులు కూర్చుంటే సర్కారు దిగొచ్చింది.

"అయితే ఊరు బతకాలంటే జనం తగువులాడుకోవాలన్నమాట," అన్నాను. "మన బస్తీల ఒక కోర్టెడితే బంగారమైపోద్ది."

వాడికి అన్నిటికంటే నచ్చింది ఇంకొకటి. పూర్వం ఆ కోర్టులో ఇద్దరు మనుషులు ఒప్పందం చేసుకుంటే, ఒకే తోలు కాగితం మీద రెండుసార్లు రాసి, మధ్యలో వంకర టింకరగా కోసేవారట. ఒక ముక్క కోర్టులో ఉంటుంది, రెండోది మనిషి దగ్గర ఉంటుంది. ఇరవై ఏళ్ళకు తగువొచ్చినా రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూస్తారు. కోత కలిసిందా, మాట నిజం.

"సాచ్చీకాలక్కర్నేదు, ఒట్లక్కర్నేదు. కోత కలిస్తే సాలు, వొదినా," అన్నాడు వాడు, చేత్తో గాలిని కోసి చూపిస్తూ.

ఇంతకీ వాడు చేసిన తప్పు నాకు ఇరవై ఏళ్ళ తరవాత తెలిసింది. మిమ్మల్ని అంతకాలం కూర్చోబెట్టను, ఇప్పుడే చెబుతాను.

శుక్రవారానికి పుస్తకం తయారైంది. శనివారం మేమ్‌సాబు విమానం. బరువు కింద నుంచి తీసి చూసుకున్నాడు. కుట్టు బాగుంది. అట్ట బాగుంది. వెన్ను మీద బంగారు అక్షరాలు బాగున్నాయి. అంచులు మాత్రం మేక కొరికిన గడ్డిలా ఉన్నాయి. కొయ్యొద్దన్నది నిజమే. కానీ వాడి బుర్రకు ఏం తోచిందంటే, పాపం ఆవిడ మొహమాటానికి అని ఉంటుంది, వీడికి ఇంకా పని పెట్టడం ఎందుకని. ఇన్ని కథలు చెప్పిన మనిషి పుస్తకాన్ని, అదీ కోర్టుకు వెళ్ళేదాన్ని, తల దువ్వకుండా పంపిస్తానా? నా కానుకగా ఒక్క గోరంత కోస్తాను. అడిగితే చెబుతాను, అడక్కపోతే లేదు.

కోత మిషను చక్రం తిప్పాడు. కత్తి దిగింది. రాలిన చీలికలు తీసి చూస్తే వాటి మీద పెన్సిలు గీతలు. గోరంత కాదు, వేలి వెడల్పున తెగింది. మాటల మొదళ్ళు పుస్తకంలో ఉండిపోయాయి, చివర్లు వాడి చేతిలో ఉన్నాయి.

మర్నాడు మేమ్‌సాబు విమానానికి వెళుతూ దారిలో దిగింది. వీడు నిజం చెప్పలేకపోయాడు. "ఇంకా జిగురు ఆరలేదు, తిరిగొచ్చాక తీసుకోండి," అన్నాడు. ఆవిడ నవ్వి, "రెండు నెలల్లో వస్తాను, కోర్టు ఎక్కడికి పోతుందిలే," అంది. ఆవిడ వెళ్ళింది ఆపరేషన్ కోసమట. ఆ సంగతి వీడికి తెలియదు. మూడు నెలలు చూసి భవానీపూర్ వెళితే, ఆవిడ అక్కడే చనిపోయిందని ఇంటి యజమానులు చెప్పారు. వాటాకు తాళం ఉంది, పుస్తకం ఇద్దామంటే ఆవిడ మనిషంటూ ఎవరూ లేరు.

కోసినందుకు వాడు ఒక ఏడుపు ఏడిస్తే, ఆ అబద్ధానికి పది ఏడుపులు ఏడ్చాడు. ఆ రోజు పుస్తకం చేతిలో పెట్టి ఉంటే, తెగినదైనా కోర్టుకు చేరేది కదా. పుస్తకానికి ఎర్ర గుడ్డ చుట్టి ఇంటికి తెచ్చుకున్నాడు. చీలికలు పారెయ్యలేదు. రాత ఉన్న కాగితం కాలికి తగిలితే కళ్ళకద్దుకునే వాళ్ళం. చదువు రానివాడికి ఆ భయం రెండింతలు. దారంతో కట్టి, బిస్కెట్ల డబ్బాలో పెట్టి, అటకెక్కించాడు. నాతో మాత్రం "మేమ్‌సాబు పుస్తకం, ఎవరైనా వస్తారు," అనేవాడు. దసరాకు సూదీ, కత్తీ, సుత్తీ అన్నిటికీ పసుపు రాసి బొట్టు పెట్టేవాడు గానీ ఆ పుస్తకానికి పెట్టేవాడు కాదు. "అది మనది కాదొదినా," అనేవాడు. ఆ గొంతు అలా ఎందుకుందో నాలాంటిదానికి తెలియకపోవడం నా సిగ్గు.

ఆంఫన్ తుఫాను వచ్చిన మర్నాటి ఉదయం తెలిసింది. మా రేకులు రెండు లేచిపోయాయి. అటక మీది సామాను నేల మీద, నేలంతా నీళ్ళు. నా చేతిలోకి చీపురు దానంతటదే వచ్చింది. మూలకు కొట్టుకొచ్చిన తడి చీలికలు కనబడితే ఊడ్చెయ్యబోయాను.

"ఊడవకు!"

వాడు నా మీద అరవడం బతుకులో అదే మొదలు.

"ఏటిరా, తేలు కుట్టినాదేటి?"

"ఊడవకొదినా. అయి మేమ్‌సాబు నాన్న మాటలు."

ఆ నీళ్ళలోనే మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కో చీలికనూ అరచేతిలోకి తీసుకుంటూ, అంతా చెప్పాడు. తిట్టడానికి నాకు మాటలు తక్కువా? అయినా చీపురు గోడకు ఆనించి నేనూ కూర్చుని ఏరాను. ముప్పై నాలుగేళ్ళు ఊడ్చినదాన్ని, ఏరడం ఆ రోజే నేర్చుకున్నాను. సేమ్యా ఆరేసినట్టు దండెం నిండా ఆరేశాం.

ఎర్ర గుడ్డలో పుస్తకం క్షేమంగానే ఉంది గానీ, చీలికల దారం తెగి వరస పోయింది. నూట యాభై ఆరు ఆకులు, నూట యాభై ఆరు పక్క చీలికలు, ఏది దేనిదో తెలియదు. పైఅంచువీ, కిందివీ రాత లేనివి కాబట్టి వాటిని వేరే కట్టాడు. ఆ వారం నుంచే అతకడం మొదలుపెట్టాడు. ఎవరైనా వచ్చేలోగా అన్నీ అతకాలి. వాడికి ఇంక వేరే కోరిక లేదు.

ఆదివారం ఆదివారం అదే పని. పేజీ అంచున తెగిన గీతను భూతద్దంలో చూసి, దాని తోడు కోసం చీలికలన్నీ వెతికేవాడు. వాడికి అవి అక్షరాలు కావు. కొక్కెం, కొడవలి, గొలుసు, చేప తోక. "ఈ కొడవలికి పిడేదీ?" అని గొణుక్కుంటూ ఒక్కోసారి మూడేసి వారాలు ఒక్క ఆకు దగ్గరే కూర్చునేవాడు. తోడు దొరికితే వెనక ఉల్లిపొర లాంటి కాగితం వేసి అతికేవాడు.

ఫ్యాను వేస్తే చీలికలు ఎగిరిపోతాయి. రైలు వెళితే ఇల్లు ఊగి అతుకు జరిగిపోతుంది. నాలుగున్నరేళ్ళ ఆదివారాలు మా ఇంట్లో ఫ్యాను తిరగలేదు. నేను గుమ్మంలో కూర్చుని విసనకర్రతో విసురుకుంటూ రైళ్ళు చెప్పేదాన్ని.

"ఆగు, పాంశ్‌కురా లోకల్ వస్తాంది... ఆ, ఎల్లిపోనాది. అతుకు."

"కొంచెం మెల్లగా సెప్పొదినా, అదిరిపోతన్నాను."

"జర్మనీ కోర్టుకి నా ఆదివారాలే దొరికినాయేటిరా? ఉడికిపోతన్నాను."

"మేడ మీదకెల్లి కూకో."

"మేడేదిరా మనకి, సచ్చినోడా?"

పోయిన ఏడు వాడి కళ్ళ ముందు మసక మొదలైంది. శుక్లమనుకున్నాం. కంటి నరం ఎండిపోతోందనీ, పోయిన చూపు రాదనీ, ఉన్నది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేమనీ డాక్టరు అన్నాడు. ఇంటికొచ్చి వాడు నన్ను అడిగింది ఒకటే: "ఎన్ని మిగిలినాయొదినా?"

లెక్కపెట్టాను. పదకొండు.

నా కొడుకు సంజయ్ కూతురు అశ్విని ఇదంతా చూస్తూనే ఉంది. కాలేజీ పిల్ల. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే బెంగాలీ, ఫోనులో ఇంగ్లీషు. దీపావళి సెలవుల్లో పుస్తకం మొదటి పేజీ ఫోటో తీసి, మాకు చెప్పకుండా ఫోనులోంచే ఆ ఊరి కోర్టుకు ఉత్తరం పంపింది. మూడు రోజుల్లో జవాబు. ఆ కోర్టు రికార్డు గదిలో పనిచేసే యోహన్నా అనే అమ్మాయి రాసింది. హెడ్విగ్ మేమ్‌సాబు ఆ అమ్మాయి అమ్మమ్మకు అక్క. కోర్టు చరిత్రను మళ్ళీ కొత్తగా రాయిస్తున్నారట, ముత్తాత రాసుకున్న ఆ పుస్తకం కోసం ఎప్పటినుంచో వెతుకుతున్నారట. జనవరిలో సెలవు పెట్టి వస్తానంది.

కోదండం భూతద్దం పక్కన పెట్టాడు. "కోర్టు మనిషే వస్తాందా?"

"వస్తే రానీ. తుఫాను మీద ఎట్టెయ్," అన్నాను. "తడిసి సిరిగినాదని సెప్పు. తుఫాను వచ్చి కాదంటాదేటి?"

వాడు చీలికల డబ్బా దగ్గరికి లాక్కున్నాడు. "ఒక అబద్దం పాతికేళ్ళు మోసినాను. రెండోదానికి ఓపిక నేదొదినా."

అప్పటినుంచి రోజూ కూర్చున్నాడు, ఆదివారమని లేదు. వేళ్ళు పనిచేస్తున్నాయి, కళ్ళు చెయ్యడం లేదు. నేను భూతద్దం పట్టి చూసినా నాకు అన్ని గీతలూ ఒకేలా ఉన్నాయి. జనవరి వచ్చింది, పదకొండు పదకొండే ఉన్నాయి.

అశ్విని ఆ అమ్మాయిని హౌరా స్టేషన్ దగ్గర నుంచి టోటో, అదే బ్యాటరీ రిక్షా ఎక్కించి తీసుకొచ్చింది. పొడుగు పిల్ల. మా గుమ్మానికి తల కొట్టుకుని, తనే సారీ చెప్పింది. ఎవరికి చెప్పిందో, గుమ్మానికేమో.

"తిన్నావా అని అడగవే ముందు," అన్నాను అశ్వినితో. ఉప్మా పెట్టాను. తింది. జీడిపప్పు ఏరుకుని ముందు తింది, అప్పుడు కాస్త నచ్చింది నాకు.

కోదండం ఇస్త్రీ చొక్కా వేసుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు. ఎర్ర గుడ్డ విప్పి పుస్తకం ఆ పిల్ల ఒళ్ళో పెట్టాడు. రెండు చేతులూ కట్టుకున్నాడు.

"అశ్వినమ్మా, సెప్పు. మేమ్‌సాబు అంచులు కొయ్యొద్దంది. నాను కోసినాను. తయారైన పుస్తకాన్ని ఆరనేదని అబద్దమాడినాను. ఆయమ్మ పట్టుకెల్లవలసింది నా వల్ల ఇక్కడుండిపోనాది. అతుకుతన్నాను గానీ పదకొండు మిగిలిపోనాయి. కల్లు పోతన్నాయి. కోర్టు ఏ తీర్పిచ్చినా నాకు సమ్మతమే."

అశ్విని ఇంగ్లీషులో ఏదో చెప్పింది.

"ఆడంత సెప్తే నువ్వింతే సెప్తావేటే?"

"అంతా చెప్పాను, మామ్మా. ఇంగ్లీషులో చిన్నగా అవుతుంది."

ఆ అమ్మాయి ఒక్కో ఆకూ తిప్పుతూ, అతుకుల మీద వేలు పెట్టి నడిపింది. ఒకచోట ఆగి పైకి చదవడం మొదలుపెట్టింది. చదివినదాన్ని అశ్విని మాకు చెప్పింది. అచ్చులో ఉన్నది రెండే ముక్కలు: కోర్టు ఎదుటి రొట్టెల కొట్టు ఆ ఏడు చేతులు మారింది. పక్కన పెన్సిలుతో: "కొట్టు యాకోబ్‌ది. మా కోర్టు ముద్రతో లాక్కున్నారు. భార్య రోజా, కుట్టుపని చేసేది. కూతురు మార్గరెటె, ఏడేళ్ళు."

వాళ్ళ దేశంలో ఒక కాలంలో యూదులని ఒక మతం వాళ్ళ ఇళ్ళూ కొట్లూ సర్కారే లాక్కుందట. మనుషుల్ని రైళ్ళెక్కించి పంపేసిందట, వెళ్ళినవాళ్ళు తిరిగి రాలేదట. రైళ్ళ పక్కనే పుట్టి పెరిగిన మా అశ్విని ఆ ఒక్క మాట తెలుగు చెయ్యడానికి రెండుసార్లు ఆగింది. ఊరి చరిత్ర రాసినవాళ్ళు ఆ ఏళ్ళన్నిటినీ ఒక్క పేజీలో దాటేశారు. గుమాస్తా మాత్రం పేర్లు రాసుకున్నాడు, ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ.

కోదండం గోడ వదిలి ముందుకొచ్చి, ఆ అతుకు మీద వేలు పెట్టాడు. "అమ్మా, ఆ గొలుసులాగున్నది... అది ఏ మాట?"

ఆ అమ్మాయి చూసింది. "మార్గరెటె."

"మూడు వారాలు ఎతికినాను దానికోసం," అన్నాడు నా వంక తిరిగి. "పిల్ల పేరని తెల్దొదినా. తెలిస్తే ముందు అదే ఎతికీవోణ్ని."

వాడెవరి కొట్టు గురించి పాతికేళ్ళు నాకు కబుర్లు చెప్పాడో, కోర్టును కాపాడుకోడానికి ఎవరి తాతలు మెట్ల మీద కూర్చున్నారో, ఆ కోర్టే వాళ్ళ కొట్టు లాక్కుంది. నేను వేసిన హాస్యాలన్నీ గుర్తొచ్చాయి. లేచి కాఫీ కలపడానికి వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి ఆ పిల్ల నేల మీద మఠం వేసుకుని కూర్చుంది. ముందు పదకొండు చీలికలు పరుచుకుంది. చదవడం వచ్చిన కళ్ళకు తోడు వెతకడం ఎంతసేపు? తను చీలిక అందిస్తోంది, కోదండం వేళ్ళతో అంచులు కలిపి జిగురు రాస్తున్నాడు, అశ్విని ఉల్లిపొర కాగితం పట్టుకుంది. రేకుల కింద జనవరిలోనూ ఉక్కే, ఫ్యాను ఎవరో వేశారు, నేను కట్టేశాను.

"ఆగండి, రైలొస్తాంది," అన్నాను గుమ్మంలోంచి. ఎవరూ తెలుగు చెయ్యకుండానే ఆ పిల్ల చెయ్యెత్తేసింది.

పొద్దు వాలేసరికి పదకొండోది మిగిలింది. పుస్తకంలో ఆఖరి ఆకు. అందులో ప్రతి వరసా సగంలోనే తెగి ఉంది. అతికాక ఆ అమ్మాయి చదివింది. ఈసారి మెల్లగా చదివింది. అశ్విని చెప్పింది:

"ఆ కాగితాల మీద ముద్ర వేసింది నా చెయ్యి. ఎవరూ నన్ను కొట్టి వేయించలేదు. ఈ పేర్లు రాసిందీ ఆ చెయ్యే. ఒకదానికి ఒకటి చెల్లు కాదు. అయినా రాశాను."

అప్పుడే రావలసిన రైలు ఆ పూట రాలేదు.

కోదండం తన కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటున్నాడు, చూపు ఆనకపోయినా. "ఆ పెద్దమనిషి కూడా..." అని, ఆ పిల్ల వైపు తిరిగి, "మరి నా తీర్పేటమ్మా?" అన్నాడు.

అశ్విని చెప్పింది విని ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. రాత లేని పైఅంచుల కట్ట అడిగి తీసుకుంది. ఒక్కో చీలికనూ ఆఖరి ఆకు మీద పెట్టి చూస్తూ, దానిది ఏదో పోల్చింది. కొయ్యకముందెప్పటిదో పాత నీటి మరక ఒకటి రెండింటి మీదా కలిసింది. అతకలేదు. దాన్ని తెచ్చి వాడి చేతిలో పెట్టింది.

"ఛోటో దాదూ," అంది అశ్విని, చిన్నతాతను అది అలాగే పిలుస్తుంది, "తను ఏం అంటోందంటే, వాళ్ళ కోర్టులో పాత పద్ధతి ఉందట. కాగితం కోస్తే ఒక ముక్క కోర్టుకి, ఒక ముక్క మనిషికి."

"నాకు తెల్సు," అన్నాడు వాడు. "తోలు కాయితం. మేమ్‌సాబు సెప్పినాది."

"ఇది నీ ముక్కట. పుస్తకం కోర్టులో ఉంటుంది. ఈ పేర్లు ఎవరు దాచారు అని ఎప్పుడైనా ఎవరైనా అడిగితే, నువ్వు ఇది తీసుకెళ్ళి పెడితే చాలట. కోత కలుస్తుంది."

వాడు ఆ చీలికను కళ్ళకద్దుకున్నాడు. తరవాత భయంగా నన్ను చూశాడు. "అంటే నాను ఆ ఊరెల్లాలేటొదినా?"

"టాలీగంజే ఎల్లలేవు," అన్నాను.

పుస్తకం ఎర్ర గుడ్డతో సహా వెళ్ళిపోయింది. వెళ్ళేముందు వాడు దాని మీద పసుపు చుక్క పెట్టొచ్చా అని అడిగించాడు. ఆ పిల్ల తనే అట్ట తెరిచి చోటు చూపించింది.

వచ్చిన ఆదివారం నేను ఫ్యాను వేశాను. వాడు వద్దనలేదు. తన కళ్ళద్దాల డబ్బాలో ఆ చీలిక పెట్టుకున్నాడు. మూత గట్టిదే, ఎగిరేదేం లేదు. అయినా రెండు చేతులూ ఆ డబ్బా మీద పెట్టుకుని ఫ్యాను కింద కూర్చున్నాడు.

"పాంశ్‌కురా లోకల్ వస్తాంది," అన్నాను నేను.

"ఊఁ," అని చేతులు ఇంకాస్త నొక్కి పెట్టాడు.